గోరంత డిస్కస్ పిల్లలు, గోడంత అద్దాల తొట్టి

ఈసారి పత్తి గురించి కాదు, యూరియా లైన్ల గురించి కాదు. జూబ్లీహిల్స్ చేపల గురించి. నవ్వకుండ్రి, చివరిదాక చదవుండ్రి, మన జేబుతోని పని ఉన్న ముచ్చటే.

మా బామ్మర్ది ఫిల్మ్‌నగర్ దిక్కు ఒక పెద్దింట్ల పనిచేస్తడు. ఎండకాలం మామిడికాయలు ఇద్దామని పోతే హాల్ల గోడంత అద్దాల తొట్టి కనపడ్డది. అందుల రూపాయి బిళ్ళంత చేపపిల్లలు పది, పళ్ళెం లెక్క గుండ్రంగ. డిస్కస్ అంటరట, అమెజాన్ నది చేప. నెల తిరిగేసరికి ఆరు చచ్చినయి. తప్పు మా బామ్మర్దిదట! జీతంల కోసిండ్రు.

పొద్దున చిటికెడు, రాత్రి చిటికెడు మేత వెయ్యమన్నది వాళ్ళే. చెప్పినట్టే వేసిండు. మరి తప్పెవరిది?

మన చెరువుల కొర్రమీనును చూసిండ్రు కదా. ఎర్రటి పిల్లల గుంపు కింద తల్లీతండ్రీ కావలి కాస్తయి. డిస్కస్ ఇంకో అడుగు ముందున్నది. ఈత మొదలుపెట్టిన పిల్లలు తల్లీతండ్రుల ఒంటిమీద ఊరే జిగటనే తిని బతుకుతయి. ఒకటి అలిసిపోతే రెండోదాని మీదికి పోతయి. కొన్ని వారాలు అదే వాటికి పాలు. అసొంటి జీవాన్ని గోరంత ఉన్నప్పుడే కవర్ల పోసి, "ఇంటికి అందం సార్" అని అమ్మేటోన్ని ఏమనాలె?

తెచ్చినంక అయినా సరిగ్గ చూడాలె కదా. పెరిగే పిల్లకు రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెం మేత పడాలె. అంత తింటే అంత మురికి, అందుకే దాదాపు రోజూ కొంత నీళ్ళు మార్చాలె. నల్లా నీళ్ళు అట్లనే పోస్తే క్లోరిన్ కొడతది, ముందురోజే డ్రమ్ముల పట్టి గాలి పెట్టాలె. వేడి 28 నుంచి 30 డిగ్రీలు నిలకడగ ఉండాలె. చలికాలం రాత్రి హీటర్ బందైతే అయిపాయె. ఇగ ఆ తెల్ల రాళ్ళు, మొక్కలు! పిల్లల తొట్టికి అడుగు బోసిగ ఉండాలె, లేకుంటే మిగిలిన మేత రాళ్ళ సందుల్ల కుళ్ళుతది. "నీళ్ళు తేటగనే ఉన్నయి కదా" అన్నదట ఆ ఇంటామె. అమ్మోనియా కంటికి కనపడదమ్మా, చేపల చెరువు పట్టిన ఏ రైతునైనా అడుగు.

మిగిలిన నాలుగు బతికినయి గని, ఏం బతుకు? ఒళ్ళు చిన్నది, కండ్లు పెద్దయి. చిన్నప్పుడు మేత తప్పితే గిడసబారతది, తర్వాత ఎంత పెట్టినా జానెడు చేప కాదు. లేత దూడకు జున్నుపాలు తాగియ్యక, రెండేండ్లకు దాణా పెట్టి లాభమేంది?

ఇప్పుడు మన సంగతికి వస్త. ఆ పిల్లలు అమ్మినోడే మా బామ్మర్దితోని అన్నడట: "మీ ఊర్ల రైతులకు చెప్పు, పిల్లలు నేనిస్త, పెంచితే నేనే కొంట." అన్నా, ఈము పక్షులు మర్చిపోయిండ్రా? జతలు అంటగట్టినప్పుడు గిట్లనే చెప్పిండ్రు, తిరిగి కొంటమని. 2012 నాటికి కొనే దిక్కు లేక, మేత పెట్టలేక, కొందరు వాటిని వదిలిపెట్టుకున్నరు.

డిస్కస్ పెంపకం పాడు పని అంటలేను. నేర్చుకొని, జత కట్టించి, పిల్లలను తల్లి దగ్గర ఉంచి, అవి మేతకు బాగ అలవాటైనంక అమ్మేటోళ్ళు ఉన్నరు, వాళ్ళకు దండం. కాని మన ఊర్ల కరెంటు ఎప్పుడు పోతదో మనకు తెలుసు. పెట్టుబడి మనది, చావు మనది, పిల్లలమ్మిన పైసలు వానియి. పైగా కొనేది ఊరోళ్ళు కాదు, ఆ పెద్దిండ్లోళ్ళే. వాళ్ళ మోజు పోతే మన తొట్లల్ల చేపలను కూర వండుకుంటమా?

ఎవడైనా కవర్ల పిల్లలు పట్టుకొని మీ ఇంటికొస్తే ఒక్కటే అడుగుండ్రి: "తిరిగి కొంట అన్న మాట స్టాంపు కాయితం మీద రాసిస్తవా?" వాడు చాయ్ కూడ తాగకుండ పోతడు.

ఆ పెద్దింట్ల మొన్న మళ్ళ పది పిల్లలు తెచ్చిండ్రట, ఇవి ఇంకా చిన్నయట. మా బామ్మర్దికి కోసిన పైసలు మాత్రం ఇంకా ఇయ్యలే.