పొరుగింటి సూర్యుడు – మన బిల్లు

హన్మకొండ డాబాల మీద నీలి పలకలు మెరవడం మొదలైనప్పటి నుంచి ఒక మాట తరచుగా వినబడుతున్నది: "ఉన్నోడు సోలార్ పెట్టుకుంటడు, వాని బిల్లు లేనోని మీద పడ్తది." అసూయ కొద్దీ అన్నారని కొట్టివేయడానికి వీల్లేదు. అలాగని గుడ్డిగా తలూపనూ కూడదు. లెక్క వేసి చూద్దాం.

నెలకు 400 యూనిట్లు కాల్చే ఇల్లు ఒకటి తీసుకోండి. 2022–23 రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు 5.10, తర్వాతి 100కు 7.70, ఆపై 100కు 9 రూపాయల చొప్పున 2,690 అవుతుంది. ఆ ఇంటాయన 3 కిలోవాట్ల పలకలు పెట్టించాడు. 2024లో వచ్చిన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ కూడా వచ్చింది. పలకలు రోజుకు ఇంచుమించు 12 యూనిట్లు, నెలకు 360 ఇస్తాయి. నెట్ మీటరింగులో ఇచ్చింది, పుచ్చుకున్నది చెల్లువేసి మిగిలిన 40 యూనిట్లకే బిల్లు. ఫిక్స్‌డ్ చార్జీలు పక్కన పెడితే అది వంద రూపాయలు కూడా కాదు.

అంటే విద్యుత్ సంస్థకు 2,600 రూపాయల రాబడి తగ్గింది. 360 యూనిట్ల బొగ్గు మిగిలిన మాట నిజమే. యూనిట్‌కు 4 రూపాయలనుకుంటే 1,440. మిగతా పదకొండు వందల చిల్లర సంగతేమిటి? అది స్తంభాలది, తీగలది, ట్రాన్స్‌ఫార్మర్లది, వానలో స్తంభమెక్కే లైన్‌మన్ జీతానిది. పలకలు పెట్టినంత మాత్రాన వీటిలో ఒక్కటీ తగ్గదు. రాత్రి ఫ్యాను తిరిగేది ఆ తీగల మీదనే కదా!

మా పల్లె లెక్కలో చెప్పాలంటే, కల్లం మీద ధర పడిపోయినప్పుడు బస్తా ఇచ్చి, ఆషాఢంలో గింజ ప్రియమైనప్పుడు బస్తాకు బస్తా వాపసు అడగడం లాంటిది నెట్ మీటరింగు. కాలిఫోర్నియాలో ఈ పేచీయే ముదిరి, 2023 ఏప్రిల్ 15 తర్వాత దరఖాస్తు చేసుకున్నవారికి, గ్రిడ్‌కు పంపే యూనిట్‌పై ఇచ్చే విలువను బాగా కోసేశారు.

అయితే కాలిఫోర్నియా వేరు, వరంగల్ వేరు. అక్కడ మధ్యాహ్నం కరెంటు మిగిలిపోతుంది. ఇక్కడ యాసంగిలో మిట్టమధ్యాహ్నం కూడా పొలాల్లో మోటార్లు నడుస్తూనే ఉంటాయి. 2025 మార్చిలో రాష్ట్రం గరిష్ఠ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. ఆ వేళకు డాబా మీది కరెంటు దూరం పోకుండా పక్కింట్లోనే ఖర్చయితే దారి నష్టమూ తగ్గుతుంది. కాబట్టి భారం ఉన్నది గానీ, జనం చెప్పుకునేంత పెద్దది కాదని నా మట్టుకు నాకు అనిపిస్తుంది. పలకలు పెట్టినవాళ్లను దొంగల్లా చూడటం అన్యాయం.

నా బెంగ వేరే. నక్కలగుట్ట విద్యుత్ భవన్ కేంద్రంగా నడిచే ఉత్తర డిస్కం చేతిలో హైదరాబాద్ లేదు. ఐటీ కంపెనీలు తక్కువే. ఉన్నవి ఎక్కువగా బోర్లు, బావులు. సాగుకు ఉచిత కరెంటు 2004లో వచ్చింది, 2018 జనవరి 1 నుంచి 24 గంటలయింది. మా బాయికాడి మోటారు కూడా దాని మీదనే నడుస్తుంది. ఆ ఖర్చును ప్రభుత్వ సబ్సిడీతో పాటు పై స్లాబుల ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు మోస్తున్నాయి. మోసేవాళ్లు ఒక్కొక్కరే కావడి దించి డాబా ఎక్కితే, తర్వాత భుజం ఎవరిది? 200 యూనిట్ల లోపువారిలో అర్హులను 2024 మార్చి నుంచి గృహజ్యోతి కాస్తున్నది. మధ్యలో చిక్కేది 210, 250 యూనిట్లు కాల్చే కిరాయి కుటుంబం. వాళ్లకు బిల్లుంది, డాబా లేదు. చార్జీల పెంపు ఎంత దూరం పోగలదో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పుల్లో ప్రాణాలు పోయినప్పుడు ఈ రాష్ట్రం చూసింది.

పలకలు ఆపమని నేననను. తీగల ఖర్చును యూనిట్ రేటులో దాచకుండా విడిగా చూపాలి. పలకలున్నవారు కూడా కొంత కట్టాలి. సాయంత్రం వాడకానికి బ్యాటరీ పెట్టుకున్నవారికి అందులో రాయితీ ఇవ్వవచ్చు. ఇక కిరాయిదార్ల సంగతి. ఒకచోట పలకలు పెట్టి, ఆ కరెంటును పలువురి బిల్లుల్లో పంచే పద్ధతికి ఢిల్లీలో 2019లోనే నియమాలు వచ్చాయి. మన సర్కారు బడులకూ కాలేజీలకూ ఎంత డాబా ఉన్నది! అందులో వాటా మొదట ఇవ్వవలసింది సొంత డాబా లేని ఈ కిరాయిదార్లకే.