తుఫాను రాకముందే ఇంటికప్పు చూసుకోవాలి

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కృష్ణా జిల్లా తీరగ్రామాల వారికి ఇల్లు కట్టడం ఒక ఎత్తు, కట్టిన ఇంటిని తుఫానుకు నిలబెట్టుకోవడం మరో ఎత్తు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలను బలిగొంది. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం వద్ద మరో పెను తుఫాను తీరం దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను పొరుగునే బాపట్ల వద్ద తీరం దాటింది. హెచ్చరికలు ముందుగా అందడం వల్ల, ప్రజలను షెల్టర్లకు తరలించడం వల్ల ప్రాణనష్టం బాగా తగ్గింది. ఇది సంతోషించదగిన విషయమే. కాని షెల్టరు నుంచి తిరిగివచ్చిన కూలివాని ఇంటిపై కప్పు ఉండటం లేదు. పోయేది తాటాకు ఒక్కటే కాదు. బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు, పట్టా కాగితాలు అన్నీ తడిసిపోతాయి. అప్పు చేసి కప్పు వేయించుకుంటే, ఆ అప్పు తీరకముందే మరో తుఫాను వస్తుంది.

ఉప్పెన వస్తే పూరిల్లు నిలవదు. షెల్టరుకు వెళ్లడమొక్కటే మార్గం. అయితే ప్రతి తుఫానూ ఉప్పెన తీసుకురాదు. గాలికి, వానకు జరిగే నష్టంలో చాలా భాగం తప్పించుకోదగినదే.

చూరు కింద గాలి

కప్పును గాలి పైనుంచి పడగొడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గాలి దాన్ని పైకి లేపుతుంది. చూరు కింద దూరిన గాలి కింద నుంచి నెడుతుంటే, కప్పు మీదుగా జోరుగా పోయే గాలి పైకి గుంజుతుంది. తలుపో కిటికీయో ఊడితే ఇక చెప్పనక్కరలేదు. కప్పు మీద బండరాళ్లు పెట్టి నిశ్చింతగా ఉండటం సరికాదు. అవి దొర్లి మనుషుల మీద పడే ప్రమాదం కూడా ఉంది.

కప్పును బిగించి కట్టడమే అసలు రక్ష. తాటాకు ఇంట్లో వాసాలను దూలానికి, దూలాన్ని రాటలకు జి.ఐ. తీగతో కట్టాలి. రాటలు లోతుగా పాతాలి. కప్పు మీద పాత వల పరచి నాలుగు వైపులా గుంజలకు కట్టినా మేలే. చూరు గోడ దాటి అడుగున్నరకు మించి రాకూడదు. రేకుల ఇళ్లకు అంచుల్లో, మూలల్లో, కొప్పు వద్ద కొక్కేలు దగ్గరదగ్గరగా వేయాలి. గాలి ఎక్కువగా పట్టేది అక్కడే. తుప్పుపట్టిన కొక్కేలను మార్చాలి.

డాబాకూ ముప్పే

శ్లాబు వేసుకున్నవారు తమకేమీ కాదని ధీమాగా ఉంటున్నారు. ఇది పొరపాటు. తీరంలో చాలాచోట్ల బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కాంక్రీటు కలిపితే లోపలి ఇనుప ఊచలు తుప్పుపట్టి ఉబ్బుతాయి. శ్లాబు అడుగున పెచ్చులూడేది చాలావరకు అందుకే. దానిపై సిమెంటు మెత్తి సున్నం వేయడం జబ్బును దాచిపెట్టడమే. వదులైన పెచ్చులు తీసివేసి, ఊచల తుప్పు పూర్తిగా గీకించి, మంచినీటితో కలిపిన సిమెంటుతో పని చేయించాలి. ఊచలు సన్నబడి ఉంటే ఇంజనీరుకు చూపించాలి. డాబా మీద తూములు ఆకులతో పూడితే నీరు నిలిచి శ్లాబులోకి దిగుతుంది. తూము శుభ్రం చేసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

నీరు తీసిన తర్వాత కూడా తొందరపడరాదు. పునాది కింద మట్టి కోసుకుపోయిందేమో చూడకుండా ఇంట్లో పడుకోరాదు. వైరింగు పరీక్ష చేయించకుండా మెయిన్ వేయరాదు. గోడ బాగా ఆరకముందే పూత పూస్తే చవుడు పట్టి కొద్ది కాలానికే రాలిపోతుంది.

పంచాయతీల బాధ్యత

తుఫాను వెళ్లాక నష్టాల లెక్క రాయడానికి సిబ్బంది ఇల్లిల్లూ తిరుగుతారు. అదే పని తుఫానుకు ముందు ఎందుకు చేయరాదు? బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా ఏప్రిల్ నుంచి జూన్ వరకు, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి. కాబట్టి ఏటా మార్చిలో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ప్రతి ఇంటి కప్పును, షెల్టర్లతో సహా, తనిఖీ చేయాలి. బలహీనమైన ఇళ్ల జాబితాను గ్రామసభలో చదవాలి. కప్పు ఎక్కలేని వృద్ధులకు, ఒంటరి స్త్రీలకు తీగ, కొక్కేలు, మనిషి సాయం పంచాయతీయే సమకూర్చాలి. ఊరి తాపీ మేస్త్రీలకు, వడ్రంగులకు ఈ పనిలో శిక్షణ ఇప్పించాలి.

డబ్బెక్కడిదని కొందరు అడగవచ్చు. కట్టెడు తీగ ఖరీదెంత, కొత్త కప్పు ఖరీదెంత? పోయిన కప్పుకు పరిహారం ఇచ్చే ప్రభుత్వం, ఉన్న కప్పు నిలిచేందుకు అందులో కొంత ఖర్చు పెడితే ఖజానాకే ఆదా. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటును అధికారులూ, గ్రామస్తులూ ఇకనైనా మానుకోవాలి.