ఇంజనుకు తగిన బాలెన్సరు

అమెరికాలో ఉన్న మనవారి కుర్రవాడొకడు పాత మస్టాంగు కారులోని ఫోర్డు 302 ఇంజను విప్పించి తిరిగి కట్టిస్తున్నాడు. హార్మోనిక్ బాలెన్సరు ఏది కొనాలని మాకు జాబు వ్రాశాడు. గుమాస్తాలను అడిగే ప్రశ్నా ఇది! అయినా విచారించి చెబుతున్నాము.

సిలిండరులో మంట రేగినప్పుడల్లా క్రాంకుషాఫ్టు రవంత మెలిపడి విడుతుంది. ఆ అదురును అణచడానికే దాని ముందుకొనను ఈ చక్రం. నడుమ బండికుంభివంటి బొడ్డు, చుట్టూ బరువైన ఇనుప కట్టు, రెంటి మధ్య రబ్బరు. రబ్బరు చెడి కట్టు జారిందా, దానిమీది టైమింగు గీత అబద్ధమాడుతుంది; అదురు అణగక క్రాంకు విరిగినా విరుగుతుంది. కొత్తగా కట్టిన ఇంజనుకు పాత రబ్బరు వద్దు.

ధర, మెరుపు తరువాతి మాట. ఈ చక్రంలో కావాలనే ఒకప్రక్క అదనపు బరువు పెడతారు. 302కు అది 1980 దాకా 28 ఔన్సు-అంగుళాలు, 1982 నుంచి 50. బరువును దూరంతో హెచ్చవేసిన కొలత అది. ముందు బాలెన్సరు, వెనుక ఫ్లైవీలు ఒకే లెక్కవి కావాలి. ఆ లెక్క కారు ఏటిని బట్టి కాదు, లోపల ఇప్పుడున్న క్రాంకును బట్టి. క్రాంకు మార్చారేమో మేస్త్రీని అడిగి, ఆ అంకె బిల్లుమీద వ్రాయించుకోవాలి. నోటిమాట చాలదు.

బిగించేటప్పుడు సుత్తి తగలనివ్వరాదు. అందుకు మరతో లాగి ఎక్కించే పనిముట్టు వేరే ఉంది.