ఖాళీ కుర్చీలతో రన్‌వే భద్రతా?

2022 జనవరి 7 ఉదయం బెంగళూరు విమానాశ్రయంలో రెండు ఇండిగో విమానాలు దాదాపు ఒకేసారి పైకి లేచాయి. ఒకటి కోల్‌కతాకు, ఇంకొకటి భువనేశ్వర్‌కు. పక్కపక్కనే ఉన్న రెండు రన్‌వేల నుంచి ఎగిరిన ఆ విమానాలు గాలిలో ఒకదాని దారిలోకి ఒకటి వచ్చేశాయి. రాడార్ తెర ముందున్న కంట్రోలర్ గమనించి చెరో దిక్కుకు మళ్లించడంతో నాలుగు వందల మందికి పైగా ప్రాణాలతో బయటపడ్డారు. దక్షిణ రన్‌వేను ఆపేసి, రాకపోకలన్నీ ఉత్తర రన్‌వే నుంచే నడపాలని షిఫ్టు ఇన్‌ఛార్జి నిర్ణయించారనీ, ఆ మాట దక్షిణ టవర్‌లోని కంట్రోలర్‌కు చేరనే లేదనీ దర్యాప్తులో తేలింది. ఇంజిన్లు బాగున్నాయి, పైలట్లు చెప్పినట్టే నడిపారు. ఒక గదిలో తీసుకున్న నిర్ణయం మరో గదికి అందలేదు, అంతే. ఆ ఘటన వెంటనే లాగ్‌బుక్కుకు కూడా ఎక్కలేదని అప్పట్లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అధికారులే చెప్పారు.

విమాన భద్రత అనగానే మన చూపు ఇంజిన్ల మీదికి, పైలట్ల మీదికి పోతుంది. నేల మీద అద్దాల టవర్‌లో కూర్చుని ఏ విమానం ఎప్పుడు దిగాలో, ఏది ఆగాలో చెప్పే మనుషులు ఎంతమంది ఉన్నారు, ఎన్ని గంటలుగా మేల్కొని ఉన్నారు అని అడిగేవారు తక్కువ. మన దేశంలో ఈ కంట్రోలర్లు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు. వారి డ్యూటీ గంటలకు పరిమితి విధిస్తూ డీజీసీఏ నిబంధనలు ఉన్నాయి. సిబ్బంది చాలడం లేదని అథారిటీ ఆ నిబంధనల నుంచి మినహాయింపు కోరితే, డీజీసీఏ ఇచ్చింది. పార్లమెంటు స్థాయీసంఘం 2025 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఈ సంగతినీ, కంట్రోలర్ల కొరతనూ, అలసటనూ తీవ్రంగా ఎత్తిచూపింది. నిబంధన రాసిన సంస్థే దానికి గండి కొట్టడం ఎంతమాత్రం సమర్థనీయం కాదు. ఆ నివేదిక నాటికి డీజీసీఏలోనే మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయి. చూసేవాళ్లూ చాలక, చూసేవాళ్లను తనిఖీ చేసేవాళ్లూ చాలకపోతే భద్రతకు పూచీ ఎవరు?

కొరత ముందుగా దెబ్బ తీసేది షిఫ్టు మారే వేళనే. కుర్చీలోంచి లేచే కంట్రోలర్ మనసులో అప్పటి ఆకాశమంతా ఉంటుంది. ఏ విమానం రన్‌వే మీద వరుసలో నిలబడి ఉంది, తనిఖీకి వెళ్లిన జీపు తిరిగి వచ్చిందా, ఏ టాక్సీవే మూసి ఉంది, గాలి ఎటు తిరిగింది, ఏ పరికరం పనిచేయడం లేదు... ఇదంతా కొత్తగా కూర్చునే మనిషికి అప్పగించాలి. అమెరికాలో ఈ అప్పగింత చెక్‌లిస్టు ప్రకారం జరగాలి, మాటలు రికార్డు కావాలి. దిగిపోయే వ్యక్తి కాసేపు పక్కనే ఉండి, కొత్తగా వచ్చినవారికి చిత్రం పట్టుబడిందో లేదో చూడాలి. రోస్టర్‌లో మనుషులు తక్కువైతే మొదట కోత పడేది ఆ కొద్ది నిమిషాలకే. వాటిని ఎవరూ లెక్కలో చూపరు కాబట్టి పోయినా ఎవరికీ తెలియదు.

నియమం పుస్తకంలో ఉన్నంత మాత్రాన సరిపోదని చెప్పడానికి అమెరికా చరిత్రే సాక్ష్యం. 1991 ఫిబ్రవరి 1న లాస్ ఏంజెలెస్‌లో టవర్ కంట్రోలర్ ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీద నిలిపి, పని ఒత్తిడిలో ఆ సంగతి మరచిపోయారు. అదే రన్‌వేపై దిగిన బోయింగ్ దాన్ని ఢీకొట్టింది. 35 మంది చనిపోయారు. ఆ సాయంత్రం మరో విమానానికి సంబంధించిన కాగితపు పట్టీ ఆమె బల్ల దాకా రాలేదు, దాని గురించి ఆరా తీయడంలో ఆమె ధ్యాస మళ్లింది. నేల మీది విమానాలను చూపే రాడార్ పనిచేయడం లేదు. అయితే దర్యాప్తు సంస్థ ఆమె మతిమరుపు దగ్గర ఆగలేదు. ఒకరి పొరపాటును మరొకరు పట్టుకునే ఏర్పాటు చేయనందుకు టవర్ యాజమాన్యాన్నీ, పర్యవేక్షణ లోపానికి విమానయాన యంత్రాంగాన్నీ తప్పుపట్టింది. 2006లో లెక్సింగ్టన్‌లో ఒక విమానం తప్పు రన్‌వే ఎక్కి కూలి 49 మంది మరణించినప్పుడు, టవర్‌లో ఉన్నది రెండు గంటలే నిద్రపోయిన ఒక్క కంట్రోలర్. 2002లో జర్మనీలోని ఉబర్లింగెన్ మీద రెండు విమానాలు ఢీకొని 71 మంది బలైన రాత్రి, జ్యూరిచ్ కేంద్రంలో ఒక్కరే రెండు తెరలు చూస్తున్నారు. రెండో వ్యక్తి విశ్రాంతి గదిలో ఉన్నారు. ఫోన్లు మరమ్మతులో ఉన్నాయి. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ప్రయాణికుల విమానమూ సైనిక హెలికాప్టరూ ఢీకొని 67 మంది చనిపోయినప్పుడూ, రెంటినీ చూస్తున్నది ఒకే కంట్రోలర్. ఈ చివరి మూడు చోట్లా ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరి మీద పడింది.

మన దగ్గర ప్రమాదం తప్పిన ప్రతిసారీ జరిగేది వేరు. 2024 జూన్ 8న ముంబైలో ఎయిరిండియా విమానం టేకాఫ్‌కు పరుగెడుతుండగా, అదే రన్‌వేపై ఇండిగో విమానం వెనకే దిగింది. వెంటనే ఒక కంట్రోలర్‌ను డ్యూటీ నుంచి తప్పించారు. దర్యాప్తుకు అది అవసరమే కావచ్చు. కానీ ఆ పూట టవర్‌లో ఎందరుండాలి, ఎందరున్నారు, వారు ఎంతసేపటి నుంచి పనిలో ఉన్నారు అన్నవి కూడా ప్రజల ముందుకు రావాలి. మైకు పట్టుకున్న చివరి మనిషిని పక్కకు తప్పించి ఫైలు మూసేస్తే, రేపు పొరపాటు చేసిన కంట్రోలర్ దాన్ని దాచిపెట్టడం నేర్చుకుంటారు. 2024 జనవరి 2న టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో విమానాలు ఢీకొన్న తరవాత జపాన్ మరో దారి పట్టింది. రన్‌వేపై మరో విమానం ఉందని తెర హెచ్చరించినా కంట్రోలర్ గమనించలేదని తెలిసి, ఆ తెరను చూడటానికే ప్రత్యేకంగా మనిషిని పెట్టింది.

కంట్రోలర్లు రాత్రికి రాత్రి తయారుకారు. ప్రయాగ్‌రాజ్‌లోనో, మన బేగంపేటలోనో, గోండియాలోనో శిక్షణ పొందాక, పనిచేసే విమానాశ్రయంలో మళ్లీ నెలల తరబడి నేర్చుకుని రేటింగ్ సంపాదించాలి. ఒకచోట సంపాదించిన రేటింగ్ మరోచోట చెల్లదు. విశాఖలో ఇప్పటిదాకా ఆకాశం నౌకాదళం చేతిలో ఉంది. కొత్త విమానాశ్రయం భోగాపురంలో ఆ బరువు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ మోయాలి. వరంగల్ మామునూరుకూ మనుషులు కావాలి. ఉన్నవారినే లాగి కొత్త టవర్లు నింపితే, పాత టవర్లలో రాత్రి షిఫ్టులు ఇంకా పలచబడతాయి.

పౌర విమానయాన శాఖ మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. డ్యూటీ గంటల మినహాయింపును రద్దు చేయడానికి ఆయన గడువు ప్రకటించాలి. ఒక్కో టవర్‌లో మంజూరైన పోస్టులెన్ని, రేటింగ్ ఉన్నవారెందరు అన్నది ఏటా పార్లమెంటు ముందు పెట్టాలి. షిఫ్టు అప్పగింతకు పట్టే సమయాన్ని డ్యూటీలో భాగంగా రోస్టర్‌లోనే రాయాలి. అర్హులైన కంట్రోలర్లు సరిపడా లేని విమానాశ్రయానికి ఎన్ని హంగులున్నా అనుమతి ఇవ్వకూడదు. అప్పటిదాకా రద్దీ వేళల్లో విమానాల సంఖ్య తగ్గించాల్సి వస్తే తగ్గించాలి. ప్రయాణికులు ఆలస్యాన్ని భరించగలరు.