లేసు అల్లే చేతులు ఎవరి లెక్కలో ఉన్నాయి?

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ అల్లే స్త్రీకి గుర్తింపు ఎప్పుడని అడగక తప్పదు. 1982లో వచ్చిన పుస్తకంలో మరియా మీస్ చూపించింది ఇదే: విదేశాలకు సరుకు పంపే పరిశ్రమ ఈ స్త్రీల చేతుల మీదే నడిచింది. ఐనా వ్యాపారులూ, ఇంటి మగవాళ్లూ, చివరకు ఆ స్త్రీలూ దాన్ని తీరిక వేళల పనిగానే చూశారు. గృహిణి అన్నాక రోజుకూలి ఎందుకు? పీసుకింత పారేస్తే చాలు. కళ్లు దెబ్బతిన్నా, నడుం పట్టేసినా ఖర్చు ఆమెదే.

ఇంతకూ ఆ తీరిక ఎక్కడుంది? 2024 కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు అందుకు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే పురుషులు 88. (అసలు చెయ్యని మగవాళ్లు ఈ సగటులోకే రారు!)

స్త్రీలకు అభివృద్ధిలో "భాగస్వామ్యం" కల్పించాలనే మాటే నాకు తలకిందులుగా తోస్తుంది. ఆ భారం మోస్తున్నవాళ్లే వాళ్లు కదా. ఇంటి దగ్గర చేసే పనిపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మన దేశం ఆమోదించలేదు. ఊళ్లలో మీటింగులు పెట్టినప్పుడు ముందు ఈ లెక్క తీయండి: పీసుకు ఎన్ని గంటలు, గంటకు ఎంత పడుతోంది, కనీస వేతనం ఎంత. ఆ కాగితం పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకు వెళదాం.