అద్దె పాట

మా ఇంటి అటకమీద ఒక రేకుపెట్టె ఉన్నది. మా నాయనగారు కొన్న గ్రామఫోను రికార్డులు పదిహేను, వాటిపైన నేను కొన్న క్యాసెట్లు అరవై దాకా అందులో ఉన్నవి. లోకంలోని పాటలన్నీ అరచేతిలోని ఫోనులో పలుకుతూ ఉండగా ఈ పాతసామాను ఎందుకని ఇంట్లో పిల్లలు అడుగుతూ ఉంటారు. ఆరేడు సంవత్సరాలపాటు నాకూ అలాగే తోచింది. ఒక స్ట్రీమింగు సంస్థకు నెలనెలా చందా కట్టి, కోరిన పాట కోరిన క్షణాన వింటూ, ఆ పెట్టెను మరచిపోయాను. ఇటీవల ఆ చందా మానివేశాను. ఎందుకు మానినదీ, మాని ఏమి చేస్తున్నదీ తోటి ఉపాధ్యాయులతోను విద్యార్థులతోను చెప్పుకోవలెననిపించి ఇది వ్రాస్తున్నాను.

మా పాఠశాల వార్షికోత్సవంలో ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె చేత కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' పద్యాలు పాడించదలచాను. ఘంటసాలవారు రికార్డుగా ఇచ్చి తెలుగునాట ఇంటింటికీ చేర్చిన పద్యాలవి. పద్యాన్ని ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో నేను చెప్పడంకంటె ఆ కంఠమే చెప్పడం మేలు కదా! రోజూ మధ్యాహ్నం భోజనం వేళ నా ఫోనులో ఆ అమ్మాయి వినేది, వెంట పాడేది. ఉత్సవం ఇంకా పది రోజులుందనగా ఆ పేరు బూడిదరంగుకు తిరిగింది. ఎన్నిసార్లు నొక్కినా పలకలేదు. సంస్థవారికి వ్రాస్తే, హక్కుల ఒప్పందాలను బట్టి పాటలు మారుతూ ఉంటాయని రెండు పంక్తుల జవాబు వచ్చింది. "మాస్టారూ, మీరు డబ్బు కట్టారు గదండీ, మరి మన పాట వాళ్ళెలా తీసేసుకున్నారండీ?" అని ఆ పిల్ల అడిగింది. నా దగ్గర జవాబు లేకపోయింది.

చివరకు పొరుగూరిలో ఉన్న ఒక విశ్రాంత హిందీ పండితుని ఇంట క్యాసెట్టు దొరికింది. టేపు ఒకచోట సాగి, ఒక అక్షరం ఉండవలసినదానికంటె ఎక్కువసేపు పలుకుతుంది. అమ్మాయి ఆ సాగుడుతో సహా నేర్చుకున్నది. సభలో సరిగా అక్కడనే చప్పట్లు మోగినవి.

ఆ పిల్ల ప్రశ్నకు జవాబు తరువాత ఆలోచించగా తేలింది. నేను పాట కొనలేదు. వినడానికి అనుమతిని అద్దెకు తీసుకున్నాను. అద్దె పుచ్చుకున్న సంస్థకైనా చాలా పాటల మీద స్వంతహక్కు లేదు. అది రికార్డు కంపెనీల దగ్గర గడువు కట్టి తెచ్చుకున్నది. నడుమ బేరం చెడితే నష్టపోయేది వినేవాడు. 2023 మార్చిలో ఒప్పందం కుదరక జీ మ్యూజిక్ వారి పాటలు స్పాటిఫైలో వినిపించకుండా పోయిన సంగతి చాలమందికి తెలుసు. అసలు అంగడే మూతపడవచ్చు. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020 చివర మూతపడింది. రెస్సో 2024 జనవరిలో మన దేశంనుంచి వెళ్ళిపోయింది. అదే సంవత్సరం ఎయిర్‌టెల్ వారు వింక్‌ను ఎత్తివేయ నిశ్చయించారు. ఏండ్ల తరబడి కూర్చుకున్న జాబితాలను అటువంటప్పుడు మరొక చోటికి తరలించుకోవచ్చు గాని, తరలేది పేర్ల పట్టిక మాత్రమే. ఆ పాట అవతల ఉంటే ఉన్నట్లు, లేకుంటే లేనట్లు. 'డౌన్‌లోడు' చేసి పెట్టుకున్నాం గదా అని ధీమా పడడానికీ లేదు. ఆ ప్రతులు ఆ సంస్థ తాళంలోనే ఉంటవి. చందా ఆగితే అవీ మూగపోతవి.

ఇక డబ్బు మాట. నేను కట్టిన రూపాయి నేను విన్న గాయకులకే చేరుతుందని చాలకాలం నమ్మాను. పెద్ద సంస్థలలో సాధారణంగా నడిచే పద్ధతి వేరు. అందరి చందాలను ఒక రాశిగా పోసి, తమ వంతు తీసుకుని, దేశమంతటా ఏ పాట ఎన్నిసార్లు మోగినదో లెక్కగట్టి మిగిలినది హక్కుదారులకు పంచుతారు. నెలంతా నేను శ్రీరంగం గోపాలరత్నంగారినే విన్నా, నా రూపాయిలో సింహభాగం నేను పేరైనా ఎరుగని పాటలకు పోతుంది. నెలకు నూరు రూపాయలనుకున్నా పదేండ్లకు 12,000 అవుతుంది. ఆ సొమ్ముతో పాటలు కొనుక్కున్నవాడికి పదేండ్ల తరువాత పాటలుంటవి. చందాదారుకు పదకొండవ ఏటి బిల్లు ఉంటుంది.

అయితే నన్ను ఎక్కువగా నొప్పించినది డబ్బు కాదు, పేర్ల దుర్గతి. పాత తెలుగు పాటకు ఈ సంస్థలలో చాలచోట్ల గాయకుని పేరుంటుంది, కవి పేరుండదు. పేరున్నా ఇంగ్లీషు అక్షరాలలో. ఘంటసాలవారొక్కరే నాలుగు వర్ణక్రమాలలో నలుగురై కనిపిస్తారు. 1951 నాటి 'మల్లీశ్వరి' పాట పక్కన, ఎవరో ఏదో సంకలనంలో చేర్చిన సంవత్సరం కనబడుతుంది. పిల్లవాడు అదే నిజమనుకుంటాడు. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు వ్రాసినారనీ, సాలూరు రాజేశ్వరరావుగారు స్వరపరచినారనీ వాడికి తెలిసే దారి ఏది?

సొంత భాండారమైతే ఈ వివరాలు మనమే తెలుగులో వ్రాసుకోవచ్చు. ప్రతి పాట ఫైలులోను పాట పేరు, గాయకుడు, రచయిత, సంగీతం, సంవత్సరం నింపడానికి గదులున్నవి. ఆ గదులు నింపడం మొదలుపెట్టేవరకు నాకు ఎంత తెలియదో నాకు తెలియలేదు. 'మాయాబజార్' (1957) తీసుకోండి. రచయిత పింగళి నాగేంద్రరావుగారు. అందులో సందేహం లేదు. సంగీతం గదిలో ఎవరిని వ్రాయాలి? తెరమీద ఉన్న పేరు ఘంటసాలది. మొదట రాజేశ్వరరావుగారు నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకున్నారని ప్రసిద్ధి. తరగతిలో ఈ ప్రశ్న వేశాను. అరగంటసేపు పిల్లలు వాదించుకున్నారు. సాహిత్యచరిత్రలో కర్తృత్వవివాదం పాఠం చెప్పినప్పుడు ఇంత ఉత్సాహం నేనెన్నడూ చూడలేదు.

పని కష్టమా అని అడుగుతారు. ఓపిక కావాలి. సీడీలుంటే సులువు, వాటిలో ధ్వని సెకనుకు 44,100 నమూనాలుగా వ్రాసి ఉంటుంది, నిమిషానికి 10 మెగాబైట్ల దాకా చోటు పడుతుంది. ఫ్లాక్ అనే పద్ధతిలో నాణ్యం ఏమాత్రం పోకుండా దాదాపు సగానికి తగ్గుతుంది. ఎంపీత్రీలో ఇంకా కుదించవచ్చు. మంచి రకం ఎంపీత్రీ అయినా మూడు నిమిషాల పాట 7 మెగాబైట్లు మించదు. వేలిగోరంత 128 గిగాబైట్ల కార్డులో అటువంటి పాటలు పదిహేను వేలు పడతవి. క్యాసెట్లదే జాప్యం: టేపురికార్డరు నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో పట్టుకోవాలి, గంట క్యాసెట్టుకు గంటా పట్టవలసిందే. ఆ గంట వినక తప్పదు గనుక నేను దానిని నష్టంగా లెక్కవేయలేదు. ఇంట్లో అందరూ తమ ఫోనులలో వినాలంటే పాత కంప్యూటరు మీద జెల్లీఫిన్, నావిడ్రోమ్ వంటివి పెట్టుకోవచ్చు. కార్డులు, డిస్కులు చెప్పకుండా చచ్చిపోతవి. కనుక మూడు ప్రతులుండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. నా మూడవ ప్రతి మా చెల్లెలి ఇంట బియ్యపు డబ్బాల పక్కన ఉన్నది.

సొంత భాండారమంటే దొంగసొత్తు పోగుచేయడమని కొందరు యువకుల అభిప్రాయం. కాదు. తాను కొన్న డిస్కునుంచి తన వినికిడికి ప్రతి తీసుకోవడం వేరు, పరులది తెచ్చి ఊరంతా పంచడం వేరు. మన 1957 చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు, వెలువడిన మరుసటి ఏటినుంచి 60 సంవత్సరాలు. 'మాయాబజార్' రికార్డింగులకు ఆ గడువు 2017తో తీరింది. సాహిత్యం లెక్క వేరు; రచయిత మరణించిన మరుసటి ఏటినుంచి 60 సంవత్సరాలు. పింగళివారు గతించినది 1971లో. విద్యార్థులకు ఈ తేడా చెప్పి తీరాలి.

చందా ఏర్పాటులో గుణం లేదని నేననను. ఎన్నడూ వినని కంఠాన్ని ఊరకనే పరిచయం చేస్తుంది. రేకుపెట్టె ఆ పని చేయలేదు. కొత్త పాటలకోసం నా పిల్లలు ఇంకా చందా కడుతూనే ఉన్నారు, నేను వద్దనలేదు. సంతకు పోయి రుచి చూసి రావచ్చు. గాదెలో ఏమీ లేకుండా సంతనే నమ్ముకుని సంసారం చేయడమే నాకు మింగుడుపడనిది. పైగా మా పాఠశాలలో ఇంటర్నెట్టు వానకు పోతుంది, ఎండకు పోతుంది. తండ్రి ఫోనును రాత్రిపూట గంటసేపు చూడగలిగే పిల్లలకు చందా మాటే లేదు. కార్డు పెట్టిన చిన్న స్పీకరుకు ఇవేమీ అక్కరలేదు. ప్రార్థన ముందు పది నిమిషాలు అది పాడుతుంది.

ఆనాటి బాలిక ఇప్పుడు పదవ తరగతి. మొన్న ఒక ఫైలు తెచ్చి మన కార్డులో చేర్చమన్నది. వాళ్ళ నాయనమ్మ పాడిన నాట్ల పాట. వెనుక కోడి కూత, ఎవరో బిందె దించిన చప్పుడు. గాయని గదిలో నాయనమ్మ పేరు తానే నింపింది. "వ్రాసినవారు అన్నచోట ఏం రాయమంటారండీ?" అని అడిగింది. నాయనమ్మకు వాళ్ళ అమ్మ నేర్పిందట, ఆమెకు ఎవరు నేర్పారో తెలియదట. ప్రస్తుతానికి ఆ గదిలో ఊరి పేరు వ్రాసి ఉంచాము.