పేరొక్కటే చూస్తే సరిపోదు!

అమెరికాలో డాక్టరు చదువునీ పరిశోధననీ కలిపి చేయాలనుకునేవారికి ఎం.డి.-పిహెచ్.డి. కోర్సుంది. పూర్తవడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. చాలాచోట్ల ఫీజు ఉండదు, పైగా స్టైపెండు ఇస్తారు. అందుకే పోటీ ఎక్కువ.

అక్కడి తెలుగు ఇళ్లలో దరఖాస్తుల వేళ ముందు వినిపించేవి హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ లాంటి పేర్లే. అన్నీ అలాంటివే పెడితే ఒక్క సీటూ రాకపోవచ్చు. పెద్ద పేర్లు కొన్నే ఉండాలి. మార్కులకూ, ఎంక్యాట్ స్కోరుకూ, పరిశోధన అనుభవానికీ సరిపోయేవి ఎక్కువ ఉండాలి. ఇష్టమైన అంశంలో గైడ్ ఒక్కరే ఉన్నచోట జాగ్రత్త! ఆయన వేరేచోటికి వెళ్లిపోతే కష్టం. ముగ్గురు నలుగురైనా ఉన్నచోటు మేలు.

వీసా సంగతీ ముందే చూసుకోవాలి. ఈ కోర్సులకు ప్రభుత్వ సంస్థ ఎన్ఐహెచ్ 1964 నుంచీ శిక్షణ గ్రాంట్లు ఇస్తోంది. అవి పౌరులకూ, గ్రీన్‌కార్డు ఉన్నవారికే. తల్లిదండ్రుల వెంట హెచ్-4 వీసాపై వెళ్లిన పిల్లలు ఎంత చురుకైనవారైనా ఆ సొమ్ము అందదు. సొంత నిధులతో చేర్చుకునే విద్యాసంస్థలు కొన్ని ఉన్నాయి. వీరి జాబితా వాటితోనే మొదలవ్వాలి.

ఎనిమిదేళ్లంటే ఎల్కేజీలో చేరిన పిల్లాడు ఏడో తరగతికి వచ్చేంత కాలం. అన్నాళ్లు ఉండాల్సిన ఊరు నచ్చుతుందా అన్నదీ ర్యాంకంత ముఖ్యమే.